మన సామాను ఎరగని యంత్రానికి మన విమానాన్ని అప్పగించొద్దు

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి, పౌర విమానయాన భద్రతా బ్యూరో (బీసీఏఎస్) డైరెక్టర్ జనరల్ గారికి, డీఆర్‌డీఓ ఛైర్మన్ గారికి,

నమస్కారం.

మేం బ్యాగేజీ స్కానర్ల నిర్వహణలో, పేలుడు పదార్థాల రసాయన పరిశీలనలో, విమానాశ్రయ తనిఖీలో పనిచేసినవాళ్ళం. మంత్రిగారు శ్రీకాకుళం వారు కాబట్టి తెలుగులోనే రాసే చనువు తీసుకున్నాం. మిగతా ఇద్దరికీ అనువాదం విడిగా పంపుతున్నాం.

అడగదలచింది ఒక్కటే. పేలుడు పదార్థాలను పట్టే ఏ యంత్రాన్నయినా కొనేముందు మన ప్రయాణికుల సామాను మీద, మన ఎండలో, మన ఉక్కలో, అమ్మేవాడి ప్రమేయం లేకుండా పరీక్షించే ప్రభుత్వ కేంద్రం కావాలి. అది హైదరాబాద్‌లో పెడితే పని త్వరగా అవుతుందని మా నమ్మకం. ఎందుకో కింద రాస్తున్నాం.

ముందు టొరంటో సంగతి. 1985 జూన్ 22న ఎయిరిండియా 182కి ఎక్కించాల్సిన పెట్టెలను చూస్తున్న ఎక్స్‌రే యంత్రం పని మధ్యలో ఆగిపోయింది. మిగిలిన పెట్టెలను పీడీ-4 అనే చేతి పరికరంతో వాసన చూశారు. అంతకు అయిదు నెలల ముందు, అదే విమానాశ్రయంలో చేసిన పరీక్షలో ఆ పరికరం తుపాకీ మందుకు అంగుళం దూరంలోకి తెస్తే తప్ప పలకలేదు. ప్లాస్టిక్ పేలుడు పదార్థాన్నయితే అసలు పట్టలేదు. అయినా దాన్ని పక్కన పెట్టలేదు. ఆ రోజు ఒక పెట్టె దగ్గర అది కూసింది. కూస్తే ఏం చేయాలో దాన్ని పట్టుకున్న సిబ్బందికి ఎవరూ నేర్పలేదు, పెట్టె విమానం ఎక్కింది. మర్నాడు ఐర్లండ్ తీరం దాపున కనిష్క అనే ఆ విమానం పేలి 329 మంది పోయారు. కెనడాలో జస్టిస్ జాన్ మేజర్ కమిషన్ 2010లో ఇచ్చిన నివేదికలో ఇదంతా ఉంది. బాంబు ఆ కూసిన పెట్టెలోనే ఉందని మేం అనడం లేదు. పరీక్షలో తప్పిన పరికరం విధుల్లో ఎలా కొనసాగింది, పెద్ద యంత్రం ఆగితే దాని స్థానంలో ఏది రావాలో ముందుగా ఎందుకు రాసుకోలేదు అన్నవే మా ప్రశ్నలు. ఆ రెండూ మన విమానాశ్రయాలకూ వర్తిస్తాయి.

అమెరికాకు ఈ పాఠం లాకర్బీతో తగిలింది. 1988 డిసెంబరు 21న పాన్ ఆమ్ 103 పేలి, విమానంలో 259 మంది, కింద ఊళ్ళో 11 మంది చనిపోయారు. అప్పటికి అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ చేతిలో ఉన్న పెద్ద ఆశ న్యూట్రాన్ యంత్రం. పెట్టె మీదికి నెమ్మది న్యూట్రాన్లు పంపితే లోపలి నైట్రోజన్ వాటిని మింగి 10.8 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణం విడుస్తుంది. సైనిక పేలుడు పదార్థాల్లో నైట్రోజన్ దండిగా ఉంటుంది కనుక సిద్ధాంతం బాగానే ఉంది. కానీ ఉన్ని కోటులోనూ నైట్రోజనే, తోలు బూట్లలోనూ నైట్రోజనే. చిన్న మోతాదును కూడా పట్టాలని యంత్రాన్ని బిగిస్తే ప్రతి చలికాలపు పెట్టెకూ అలారం మోగుతుంది. అలారం తగ్గించాలని వదులు చేస్తే పట్టాల్సింది జారిపోతుంది. ఆ యంత్రాలను విమాన సంస్థలతో విరివిగా కొనిపించాలన్న ఆలోచనను అధ్యక్షుడు నియమించిన కమిషన్ 1990లో తప్పుపట్టింది.

అదే ఏడాది వచ్చిన విమానయాన భద్రతా చట్టంలోని ఒక నిబంధనను మీరు ముగ్గురూ చదవాలి. ఎఫ్‌ఏఏకు బయటివాళ్ళయిన శాస్త్రజ్ఞులను సంప్రదించి రాసిన పద్ధతి ప్రకారం, విమానాశ్రయంలో నిజంగా ఉండే పరిస్థితుల్లో పరీక్షించి, నెగ్గిందని ధ్రువీకరించేదాకా ఏ పేలుడు పదార్థ గుర్తింపు యంత్రాన్నీ కొనమని ఎవరినీ బలవంతపెట్టకూడదని అందులో రాశారు. ప్రమాణాలు 1993లో వచ్చాయి. అట్లాంటిక్ సిటీ దగ్గరి ప్రయోగశాలలో పరీక్షించగా, ఆసుపత్రి సీటీ స్కాన్ సూత్రంతో పనిచేసే సీటీఎక్స్ 5000 అనే యంత్రం 1994 డిసెంబరులో మొదటిసారి నెగ్గింది. మామూలు ఎక్స్‌రే ఒక దిక్కు నుంచి చూస్తుంది. వస్తువు మందం తెలియదు కనుక సాంద్రత తేలదు, పలచటి బరువైన వస్తువూ మందపాటి తేలిక వస్తువూ తెర మీద ఒకేలా కనిపించవచ్చు. సీటీ చుట్టూ తిరిగి ముక్కలు ముక్కలుగా చూస్తుంది, అందుకే ఒక్కో వస్తువు సాంద్రత విడివిడిగా లెక్కకు వస్తుంది. ఈ తేడాను పరీక్ష తేల్చింది, ఏ కంపెనీ కరపత్రమూ కాదు.

ఆ దేశమే తన నియమం మరిచిపోయినప్పుడు ఏమైందో కూడా రికార్డులో ఉంది. మనిషిని నిలబెట్టి గాలి ఊది, రాలిన కణాలను పీల్చి చూసే ద్వారాలను అక్కడి రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ 207 కొన్నది. 2006లో 36 విమానాశ్రయాల్లో 101 పెట్టింది. అసలు పరిస్థితుల్లో సరిగ్గా పరీక్షించకుండానే పెట్టారు. దుమ్ముకూ తేమకూ అవి మొరాయించాయి, మరమ్మతు ఖర్చు పెరిగింది, అదే ఏడాది జూన్‌లో పెట్టడం ఆపేశారు. మిగిలినవి గోదాములో ఉండిపోయాయి. అమెరికా దుమ్ముకే ఆగిపోయిన యంత్రం మే నెలలో విజయవాడలో ఎన్నాళ్ళు నిలిచేదో ఊహించుకోవచ్చు.

ఇక మన పెట్టెల సంగతి.

2024 అక్టోబరులో బీసీఏఎస్ శబరిమల యాత్రికుల కోసం ఒక మినహాయింపు ఇచ్చింది. ఇరుముడిలోని కొబ్బరికాయను 2025 జనవరి 20 వరకు క్యాబిన్‌లోకి తీసుకెళ్ళవచ్చు, అయితే ఎక్స్‌రే, ట్రేస్ పరికరం (అంటుకున్న పేలుడు పదార్థాల ఆనవాళ్ళు పట్టేది), చేతి తనిఖీ మూడూ అయ్యాకే. నిర్ణయం మంచిదే. కానీ దాన్ని తెర ముందు కూర్చున్నవాడి వైపు నుంచి చూడండి. ఇరుముడిలో ఉండేది మామూలు కాయ కాదు. కన్ను తొలిచి, నీళ్ళు తీసేసి, ఆవునెయ్యి నింపి, మూసి ముద్ర వేసిన కాయ. రెండు శక్తుల ఎక్స్‌రేలో సేంద్రియ పదార్థం నారింజ రంగులో, లోహం నీలంలో, మధ్యరకం ఆకుపచ్చలో కనిపిస్తుంది. నెయ్యి టెంకాయ నిండు నారింజ గుండ్రం. పక్కన బియ్యం, బెల్లం, కర్పూరం, అన్నీ ఒకే మూటలో, ఒకదాని మీద ఒకటి. విదేశంలో శిక్షణ పొందిన గుర్తింపు ప్రోగ్రాం దీన్ని ఎన్నడూ చూసి ఉండదు. పక్కకు పెట్టమంటుంది. మాల వేసుకున్న నలభై మంది ఒకే వరుసలో వస్తే నలభై సార్లూ అదే అంటుంది.

అమెరికా వెళ్ళే తల్లిదండ్రుల పెట్టె దీనికి తీసిపోదు. ఆవకాయలో నూనె, ఆవపిండి, కారంతో పాటు ఉప్పు గట్టిగా ఉంటుంది. ఉప్పులోని క్లోరిన్ వల్ల సగటు పరమాణు సంఖ్య పైకి జరిగి, రంగు మామూలు తిండి రంగులా ఉండదు. సున్నుండలు సాంద్రమైన ముద్దలు, వాటికి అల్యూమినియం రేకు చుడతారు. కందిపొడి ప్యాకెట్లు అంచుకు అంచు కలిపి ఇటుకల్లా సర్దుతారు. మన ఇళ్ళల్లో ఇది ప్రేమ, యంత్రానికి అనుమానం.

ఈ అనుమానం ఖరీదు ఎంతో ఒక ఊహాలెక్క వేసి చూడండి. రోజుకు 30,000 చెక్-ఇన్ పెట్టెలు వచ్చే విమానాశ్రయంలో యంత్రం నూటికి 20 పెట్టెలకు ఉత్తుత్తి అలారం ఇస్తోందనుకుందాం. అంటే 6,000 పెట్టెలు మనిషి తెర మీదికి వస్తాయి. ఒక్కోదానికి 30 సెకన్లయితే 50 గంటల చూపు కావాలి. ఏకధాటిగా 20 నిమిషాలకు మించి తెర చూడకూడదని ఐరోపా నిబంధన. మన దగ్గరా అదే పాటిస్తే, రోజుకు 150 విడతలు మనుషులు మారాలి. ఆ 6,000లో పదో వంతు విప్పి చూడాల్సి వస్తే 600 పెట్టెలు, ఒక్కోదానికి 5 నిమిషాల లెక్కన ఇంకో 50 గంటలు. ఇంత చాకిరీలో స్క్రీనర్‌కు అలారం అంటే పచ్చడి సీసా అనే అలవాటు పడిపోతుంది. అసలు ప్రమాదం ఆ అలవాటే. ఉత్తుత్తి అలారం 20 నుంచి 10కి దిగితే ఈ లెక్కలన్నీ సగమవుతాయి, కొత్త మనిషిని ఒక్కణ్ణీ తీసుకోకుండానే.

దించడం ఎలా అంటే, యంత్రానికి మన పెట్టెలు చూపించడమే. కనీసం 10,000 నిజమైన పెట్టెల సీటీ చిత్రాలు కావాలి. హైదరాబాద్, కొచ్చి, అమృత్‌సర్, గువాహటి లాంటి చోట్ల, వేసవిలోనూ పెళ్ళిళ్ళ కాలంలోనూ దీక్షల కాలంలోనూ తీయాలి. పేర్లూ ట్యాగులూ తుడిచేసి, ప్రతి చిత్రానికీ లోపల ఏముందో విప్పి చూసినవాళ్ళు గుర్తులు పెట్టాలి. ఆ గుర్తులు పెట్టే పనే ఎక్కువ సమయం తింటుంది, దాన్ని తక్కువ అంచనా వేసి మధ్యలో వదిలేయకూడదు.

బాడీ స్కానర్లదీ అదే కథ. 84 విమానాశ్రయాల్లో 2020 మార్చికల్లా పెట్టాలని 2019లో ఆదేశం వచ్చింది, తర్వాత గడువులు జరుగుతూ వచ్చాయి. మిల్లీమీటర్ తరంగాలు పొడి నూలుబట్టలోంచి దాటిపోతాయి. చెమటతో తడిసిన బట్టలోని నీరు వాటిని పీల్చుకుంటుంది. జరీ అంటే లోహపు పూత ఉన్న దారం, అది అద్దంలా తిప్పికొడుతుంది. పట్టుచీర కుచ్చిళ్ళు, పది మడతల తలపాగా, నడుముకు వడ్డాణం ఉన్న ప్రయాణికులతో ఎన్ని వందల సార్లు పరీక్షించారో టెండర్ పత్రంలో అడగాలి. అడగకపోతే పెళ్ళి బృందం మొత్తాన్ని చేతితో తడమాల్సి వస్తుంది, అప్పుడు ఆ స్కానర్ అలంకారమే.

పరీక్ష అన్నప్పుడు అంకెల మీద కొంచెం పట్టుదల చూపమని కోరుతున్నాం. ప్రదర్శనలో కంపెనీ ప్రతినిధి పది పెట్టెలు పంపి పదీ పట్టి చూపిస్తాడు, చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొడతారు. పదికి పది పట్టినా, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది ఆ యంత్రం నూటికి 74 అయినా పడుతుందని మాత్రమే. తప్పిపోయేవి నూటికి 5 లోపే అని చెప్పాలంటే ఒక్కటీ తప్పకుండా 59 సార్లు పట్టాలి. నూటికి 1 లోపు అనాలంటే దాదాపు 300 సార్లు. అది కూడా పదార్థం రకాన్ని బట్టి విడివిడిగా. యంత్రం నడిపేవాడికీ, ఫలితం రాసేవాడికీ ఏ పెట్టెలో ఏముందో తెలియకూడదు. ఈ చివరి షరతు ఎంత ముఖ్యమో ఏడీఈ 651 ఉదంతం చెబుతుంది. ప్లాస్టిక్ పిడికి ఊగే పుల్ల తగిలించి, బాంబు డిటెక్టర్ అని ఇరాక్‌కు వేలల్లో అమ్మారు. గోల్ఫ్ బంతులు వెతికే ఆటవస్తువు దానికి మూలం. అమ్మిన బ్రిటన్ వ్యాపారికి 2013లో 10 ఏళ్ళ జైలు పడింది. చిలకజోస్యం పాటి హామీ కూడా లేని ఆ వస్తువును చెక్‌పోస్టుల్లో ఏళ్ళ తరబడి వాడారు. ఒక్క పూట గుప్త పరీక్ష చేసి ఉంటే అది బయటపడేది.

యంత్రం చేరాక కూడా పరీక్ష ఆగకూడదు. షిఫ్టు మొదట్లో బెల్టు మీద పంపే పరీక్ష పెట్టె, అదే సీటీపీ, సన్నని తీగలు కనబడుతున్నాయా, ఉక్కు మెట్ల వెనక వస్తువు తెలుస్తోందా, సేంద్రియానికీ లోహానికీ రంగులు విడిపోతున్నాయా అని చూస్తుంది. అది బొమ్మ నాణ్యత పరీక్ష. యంత్రం బతికే ఉందని చెబుతుంది, పట్టాల్సింది పడుతోందని చెప్పదు. రిజిస్టర్‌లో సంతకం పడింది కాబట్టి అంతా బాగుందనుకోవడం మనకున్న పాత జబ్బు. తెర మీద నకిలీ బెదిరింపు చిత్రాలు కలిపి స్క్రీనర్ పడుతున్నాడో లేదో నమోదు చేసే టిప్ సౌకర్యాన్ని, యంత్రం లెక్కలతో జోడించి చదివేవాళ్ళు కావాలి. 2015లో అమెరికాలో మారువేషపు పరీక్షకులు 70 ప్రయత్నాల్లో 67 సార్లు నిషిద్ధ వస్తువులను లోపలికి తీసుకెళ్ళగలిగారన్న సంగతి బయటికి పొక్కింది. యంత్రాలు ఉన్నంత మాత్రాన సరిపోదన్నమాట.

ట్రేస్ పరికరాల మీద ఒక మాట, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ అపచారం వాటికే జరుగుతోంది. స్వాబ్‌తో పెట్టె పిడి, జిప్పు, అంచులు తుడుస్తారు. దాన్ని దాదాపు 200 డిగ్రీల వేడికి గురిచేస్తే అంటుకున్న పదార్థం ఆవిరవుతుంది. ఆ అణువులకు విద్యుదావేశం ఇచ్చి చిన్న గొట్టంలో పరుగెత్తిస్తే, ఏది ఎన్ని మిల్లీసెకన్లలో చేరిందో చూసి పేరు చెబుతుంది. నానోగ్రాముల్లో పట్టగలదు. అంత నాజూకు పనికి పొడి గాలి కావాలి. లోపల తేమ పీల్చే గుళికలుంటాయి. విశాఖ వానాకాలంలో అవి ఢిల్లీ చలికాలం కంటే చాలా ముందే నిండిపోతాయి, కానీ మార్చే గడువు మాత్రం అన్ని ఊళ్ళకూ ఒకటే రాసి ఉంటుంది. గుళికలు నిండాక ఆ చేరే సమయాలు తప్పుతాయి, అలారాలు ఎక్కువైనా అవుతాయి, తక్కువైనా అవుతాయి. తక్కువైతే ఎవరూ ఫిర్యాదు చేయరు. స్వాబ్‌ను తయారీదారు చెప్పిన సంఖ్య దాటి వాడటం, ఒకసారి మోగాక ఖాళీ పరుగు పెట్టి శుభ్రం చేయకుండానే తర్వాతి పెట్టెకు వెళ్ళడం, తొడుగులు మార్చకపోవడం, ఇవన్నీ ఆదా పేరుతో జరిగేవే. పైగా నైట్రేటు ఎరువు చల్లిన రైతు చేతికీ, గ్లిజరిన్ లోషన్‌కూ, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రకూ అది మోగుతుంది. అలాంటి ప్రయాణికుణ్ణి దొంగలా చూడకుండా ఎలా తేల్చుకోవాలో రెండు పేజీల తెలుగు, హిందీ సూచనలు రాసిస్తే సరిపోతుంది.

యంత్రం ఆగే రోజుల లెక్క కూడా ఒప్పందంలో ఉండాలి. 98 శాతం పనిచేస్తుందని గొప్పగా రాస్తారు. మిగిలిన 2 శాతం అంటే ఏడాదికి 7 రోజులు. ఆ 7 రోజులూ సంక్రాంతికి ఇళ్ళకెళ్ళే వారంలో పడితే? విడి భాగం విదేశం నుంచి రావాలంటే? ఆ రోజు ఏ బెల్టు మీదికి మళ్ళించాలి, ఎన్ని విమానాలు ఆలస్యం చేయాలి, ఎవరు ఆ నిర్ణయం తీసుకోవాలి అన్నది ముందే రాసి, ఏడాదికి రెండుసార్లు నిజంగా స్విచ్చి ఆపి చూడాలి. టొరంటోలో లేనిది అదే.

 

మన టెండర్లలో టీఎస్‌ఏ లేదా ఐరోపా ఈసీఏసీ ధ్రువీకరణ అడగటం మామూలు. అది ఉండాల్సిందే. చాలదని మాత్రం అంటున్నాం. ఐరోపాలో కొత్త సీటీ స్కానర్లున్న చోట 100 మిల్లీలీటర్ల ద్రవాల పరిమితి సడలించి, 2024 సెప్టెంబరు 1 నుంచి మళ్ళీ బిగించారు. అంటే ధ్రువీకరించినవాళ్ళే తమ మాటను తిరిగి చూసుకున్నారు. వాళ్ళు చూసుకోగలిగారంటే చేతిలో ప్రయోగశాల ఉంది. ఉత్త సర్టిఫికెట్ కాగితాన్ని నమ్ముకున్న మనం అలాంటప్పుడు వాళ్ళ ప్రకటన కోసం ఎదురుచూడాలి.

హైదరాబాద్ ఎందుకంటే, కావాల్సినవి చాలావరకు ఇక్కడే ఉన్నాయి. ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ భాగస్వామ్యంతో 1990ల నుంచే ఇక్కడ బ్యాగేజీ స్కానర్లు తయారవుతున్నాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో డీఆర్‌డీఓ అండతో నడిచిన అధిక శక్తి పదార్థాల కేంద్రం లేజర్లతో, రామన్ సంకేతాలతో పేలుడు పదార్థాలను గుర్తించే పని ఏళ్ళ తరబడి చేసింది. అసలు పదార్థాలతో పని పుణెలోని డీఆర్‌డీఓ పేలుడు పదార్థాల ప్రయోగశాల హెచ్ఈఎంఆర్ఎల్ అనుభవంతో, వాళ్ళ నిబంధనల ప్రకారమే జరగాలి, నగరం మధ్యలో కాదు. ఇకపై కట్టే కొత్త విమానాశ్రయాల్లో ఒక బెల్టును పరీక్షల కోసం ముందే వేరు చేసి, సీటీ బరువుకు తగ్గట్టు నేల కట్టుకోవచ్చు. 2001 తర్వాత అమెరికాలో వ్యాను సైజు యంత్రాలను లాబీల్లో ఇరికించి, మళ్ళీ పగలగొట్టి బెల్టులు వేసుకున్నారు. కట్టాక పగలగొట్టడం కంటే ముందు గీసుకోవడం చవక.

డబ్బు విషయం. 2021 ఏప్రిల్ నుంచి దేశీయ టికెట్ మీద 200 రూపాయల విమానయాన భద్రతా రుసుము వసూలు చేస్తున్నారు. 2024లో దేశీయ ప్రయాణికులు 16 కోట్లు దాటారు. టికెట్‌కు 2 రూపాయలు, అంటే వందకు 1, పరీక్షలకు కేటాయిస్తే ఏడాదికి సుమారు 30 కోట్లు. పరీక్షా కేంద్రం ఫలితాల్లో రహస్యంగా ఉంచాల్సింది పట్టే మోతాదులూ, తప్పిన రకాలూ మాత్రమే. ఉత్తుత్తి అలారం శాతం, గంటకు ఎన్ని పెట్టెలు, ఎన్ని రోజులు ఆగింది అన్నవి పార్లమెంటు ముందు పెట్టవచ్చు. పరీక్షా పద్ధతి రాసే కమిటీలో బీసీఏఎస్ ఉద్యోగులూ కంపెనీలవాళ్ళూ ఉండకూడదని మా షరతు. బయటి శాస్త్రజ్ఞుల మాట కావాలన్న ఆలోచన 1990 నాటి చట్టం నుంచి అరువు తెచ్చుకున్నదే.

పరీక్షా కేంద్రం కట్టడానికి సమయం పడుతుంది. చిత్రాల సేకరణకు అక్కర్లేదు. నవంబరు నడుమ మండల దీక్షల యాత్ర మొదలవుతుంది. ఈసారి మినహాయింపు ఉత్తర్వులోనే ఒక వాక్యం చేర్చండి: శంషాబాద్, కొచ్చి విమానాశ్రయాల్లో ఇరుముడి మూటల ఎక్స్‌రే చిత్రాలు పేర్లు లేకుండా భద్రపరచాలి, ఒక్కోదాని పక్కన చేతి తనిఖీలో ఏం తేలిందో రాయాలి. మూట విప్పి చూసే మనిషి ఎలాగూ అక్కడ ఉంటాడు. అతని చేతికి ఒక ఫారం ఇస్తే చాలు. ఫారం నమూనా మేం తయారుచేసి ఈ లేఖకు జతపరిచాం.

ఇట్లు,
భద్రతా పరికరాల మీద పనిచేసిన కొందరు ఇంజినీర్లు, రసాయన శాస్త్రజ్ఞులు, తనిఖీ సిబ్బంది
హైదరాబాద్